బొటనవ్రేలు విడిచే క్షణం

జొన్న, మక్క కంకులు పాలు పట్టే రోజులలో పిట్టల కావలి రైతుకు పెద్ద పని. జగిత్యాల జిల్లాలోని కొడిమ్యాల కొండగట్టుకు దగ్గరి ఊరు గనుక అక్కడ చిలుకలకు, పిచ్చుకలకు తోడు కోతుల బెడద కూడా ఉన్నది. ఈ కావలికి తెలంగాణ పల్లెలు తరతరాలుగా వాడిన సాధనం వడిసెల. ఒడిసెల అని కూడా అంటారు. నడుమ రాయి పట్టేంత అల్లిక, దానికి రెండు వైపులా సుమారు గజం పొడవున త్రాళ్లు - ఇంతే దాని నిర్మాణం. ఒక త్రాటి కొసన ఉన్న ఉచ్చును వ్రేలికి తగిలించుకుంటారు. రెండవ త్రాటి కొసను బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ మధ్య నొక్కి పట్టి, తలపై గిరగిర త్రిప్పి, ఆ కొసను వదులుతారు. 1946-51 నాటి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో ఈ పిట్టలు తోలే పనిముట్టే ఆయుధం కూడా అయినది.

మంచె మీద క్రొత్తగా వడిసెల పట్టిన పిల్లవాని రాయి చిలుకల గుంపు వైపు పోదు. ఒకసారి ప్రక్క చేనిలో పడుతుంది, ఒకసారి వెనుకకు పోతుంది, మరొకసారి మంచె క్రిందనే పడుతుంది. ఆ ప్రక్క చేనిలో కలుపు తీసేవారుంటే ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు. చేతిలో బలం చాలకనే ఇట్లా జరుగుతున్నదని సాధారణంగా అనుకుంటారు. కాని లోపం బలంలో లేదు, బొటనవ్రేలిలో ఉన్నది. పట్టణాలలో బరువైన బంతిని దొర్లించే బౌలింగు ఆటలో క్రొత్తవారిని బాధించే చిక్కు కూడా సరిగా ఇదే.

వడిసెలలో తిరుగుతున్న రాయి ప్రతిక్షణం తిన్ననిదారిన పోవటానికే ప్రయత్నిస్తుంది. త్రాళ్ల బిగువు దానిని లోపలికి లాగుతూ వలయంలో నిలుపుతుంది. దీనినే అభికేంద్ర బలం అంటారు. బొటనవ్రేలు వదలగానే ఈ లాగుడు ఆగిపోతుంది. రాయి ఆ క్షణాన ఏ దిక్కుకు పోతూ ఉన్నదో ఆ దిక్కుకే, అనగా వలయానికి స్పర్శరేఖ వెంట పోతుంది. రాయి కేంద్రం నుంచి వెలుపలికి, త్రాడు చూపే దిక్కుకు ఎగురుతుందని పరీక్షలలో వ్రాసే విద్యార్థులు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఒక్కసారి వడిసెల త్రిప్పిన పిల్లవాడు ఆ తప్పు వ్రాయడు. లక్ష్యం ఎదురుగా ఉంటే, విడిచే క్షణానికి త్రాడు ప్రక్కకు చాచి ఉండవలెనని అతని చేతికి తెలుసు.

ఇప్పుడు కొంచెం లెక్క వేయవచ్చు. రాయి బరువు 50 గ్రాములు, వలయపు వ్యాసార్ధం ఒక మీటరు, సెకనుకు మూడు చుట్లు అనుకుందాం. అప్పుడు రాయి వేగం సెకనుకు సుమారు 19 మీటర్లు. దానిని పట్టి ఉంచటానికి కావలసిన బలం సుమారు 18 న్యూటన్లు, అనగా కిలో ముప్పాతిక పైచిలుకు బరువుతో సమానం. 50 గ్రాముల రాయి తన బరువుకు 36 రెట్లు లాగుతున్నదన్నమాట! రెండు త్రాళ్లు ఈ భారాన్ని చెరిసగం మోస్తాయి గనుక బొటనవ్రేలి క్రింద ఉన్న కొసను దాదాపు 900 గ్రాముల బరువు లాగుతూ ఉంటుంది.

సెకనుకు మూడు చుట్లంటే 1080 డిగ్రీలు. ఒక మిల్లీసెకనుకు, అనగా సెకనులో వెయ్యవ వంతుకు, ఒక డిగ్రీకి పైన. బొటనవ్రేలు పది మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే రాయి దారి దాదాపు 11 డిగ్రీలు మారిపోతుంది. 30 మీటర్ల దూరంలో ఉన్న గుంపుకు ఇది సుమారు ఆరు మీటర్ల తేడా. రెప్పపాటు అంటే సెకనులో పదవ వంతుకు తక్కువ కాదు. ఆ మాత్రం ఆలస్యమైతే రాయి పూర్తిగా ప్రక్కకు పోతుంది. అమెరికా నాడీశాస్త్రజ్ఞుడు విలియం కాల్విన్ 1983లో చేతితో రాయి విసరటాన్ని గూర్చి ఇట్టి లెక్కే వేశాడు. నాలుగు మీటర్ల దూరంలో కుందేలంత లక్ష్యాన్ని కొట్టటానికి చేతికి దొరికే వ్యవధి 11 మిల్లీసెకన్లనీ, దూరం రెట్టింపైతే అది ఎనిమిదవ వంతుకు, అనగా 1.4 మిల్లీసెకన్లకు తగ్గిపోతుందనీ చూపాడు.

ఇంత సన్నని వ్యవధిని మనిషి కంటితో చూచి పట్టుకోగలడా? లేడు. ఒక దీపం వెలగగానే మీట నొక్కమంటే చురుకైన యువకునికి కూడా సెకనులో అయిదవ వంతు పడుతుంది. ఆలోగా మన వడిసెల సగం చుట్టు దాటి తిరుగుతుంది. మెదడు నుంచి ఆజ్ఞ నాడుల వెంట చేతికి దిగటానికే ఇరవై మిల్లీసెకన్ల వరకు పోతాయి. కాబట్టి "ఇప్పుడు వదులు" అని తలచుకొని వదలటం అసాధ్యం. ఆ ఆజ్ఞ ముందే బయలుదేరి ఉండవలెను. చేయి తిరుగుడుతో పాటే అదికూడా ఒక అలవాటుగా చిన్నమెదడులో కుదురుకొని ఉండవలెను. అయితే అలవాటు ఎంత కుదిరినా, ఆజ్ఞ అందిన తరువాత కొస వెంటనే జారిపోవాలి కదా! అక్కడే బొటనవ్రేలి చిక్కులన్నీ పుడతాయి.

మొదటి చిక్కు గట్టి పట్టు. రాయి ముందే జారిపోతుందేమోనన్న భయంతో పిల్లలు కొసను పిడికిలి బిగించి పట్టుకుంటారు. గట్టిగా బిగిసిన కండరం సడలటానికి వ్యవధి ఎక్కువ పడుతుంది. పైగా ఆ వ్యవధి ప్రతిసారీ ఒకేలా ఉండదు. తేలికగా పట్టిన కొసను త్రాటి బిగువే లాక్కొనిపోతుంది, వ్రేలు కొంచెం సడలితే చాలు. రెండవ చిక్కు మరింత విచిత్రమైనది. కొస జారకుండా దానిని చూపుడువ్రేలికి ఒక చుట్టు చుట్టి పట్టుకునేవారు కొందరు. గుండ్రని వస్తువు చుట్టూ త్రాడు తిరిగినప్పుడు ఘర్షణ చుట్టుకు చుట్టుకు కూడికగా కాక గుణకారంగా పెరుగుతుంది. త్రాటికీ వ్రేలికీ మధ్య ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, ఒక్క పూర్తి చుట్టుతో పట్టవలసిన బలం పన్నెండవ వంతుకు తగ్గిపోతుంది. 900 గ్రాముల లాగుడును 75 గ్రాముల బలంతో ఆపవచ్చు! పడవను గుంజకు కట్టేటప్పుడు మోకును రెండు చుట్లు త్రిప్పి ఒంటిచేత్తో ఆపటంలో ఉన్న కిటుకు ఇదే. పడవకు వరమైనది వడిసెలకు శాపం. బొటనవ్రేలు పూర్తిగా తెరచుకున్నా త్రాడు వ్రేలిని వదలదు.

కాబట్టి అనుభవం గల కావలివారి వడిసెలలో వదిలే కొసను వ్రేలికి చుట్టరు. దానికి ఒక చిన్న ముడి వేసి, ఆ ముడిని వ్రేళ్ల కొసలతో నొక్కి పడతారు. ముడి పెద్దదైతే వ్రేళ్ల సందున తట్టుకుంటుంది. అసలు లేకపోతే చెమట పట్టిన వ్రేళ్ల నుంచి ముందే జారిపోతుంది.

ఇక బంతి సంగతి. బౌలింగు అనగానే మన విద్యార్థులకు క్రికెట్ గుర్తుకు వస్తుంది. క్రికెట్‌లో బొటనవ్రేలు బంతి క్రింద ఆనుకొని ఉంటుందే కాని దేనిలోనూ దూరి ఉండదు. ఇక్కడ చెప్పేది హైదరాబాదు వంటి నగరాల వినోదశాలలలో కనిపించే, నున్నని చెక్క బాటపై బంతిని దొర్లించి చివర నిలిపిన పది పిన్నులను పడగొట్టే ఆట. 1978లో బాంకాక్‌లో జరిగిన ఆసియా క్రీడలలో ఇది మొదటిసారి చేరింది. ఆటగాడు దాటరాని గీత నుంచి మొదటి పిన్నుకు దూరం 60 అడుగులు. బంతి గరిష్ఠ బరువు 16 పౌన్లు, అనగా 7.26 కిలోగ్రాములు, పురుషుల పోటీలలో విసిరే ఇనుప గుండు బరువు కూడా ఇంతే. సాధారణంగా బంతికి మూడు రంధ్రాలుంటాయి. ఒకటి బొటనవ్రేలికి, రెండు మధ్యవ్రేలికీ ఉంగరపువ్రేలికీ. చేయి ఊయలలా వెనుకకు పోయి ముందుకు వచ్చి చీలమండ దగ్గరకు దిగినప్పుడు మొదట బొటనవ్రేలు బయటికి రావలెను. క్షణమాత్రం తరువాత మిగిలిన రెండు వ్రేళ్లు బంతిని ఎత్తినట్లుగా తిప్పుతూ వదలవలెను. బంతికి వచ్చే గిరికీ అంతా ఈ కొద్ది వ్యవధిలోనే పుడుతుంది.

భుజంతో పోల్చితే చేతి వేగం సెకనుకు 5 మీటర్లు, భుజం నుంచి బంతి నడిమికి 80 సెంటీమీటర్లు అనుకుంటే, ఊపు అడుగుకు వచ్చేసరికి బంతి తన బరువుకు నాలుగు రెట్లకు పైగా చేతిని లాగుతుంది. 5 కిలోల బంతి 21 కిలోలుగా తోస్తుంది. ఈ లాగుడే బొటనవ్రేలి నుంచి బంతిని ఊడదీస్తుంది, బొటనవ్రేలు అడ్డుపడకపోతే. వ్రేలు 30 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే చేయి 11 డిగ్రీల వరకు పైకి లేస్తుంది; బంతి దొర్లటానికి బదులు ఒకటిన్నర మీటరుకు పైగా గాలిలో పోయి బాటపై ధబ్బున పడుతుంది. ముందే ఊడితే ఆటగాని కాలి దగ్గరే పడుతుంది, గిరికీ ఉండదు.

వ్రేలు ఇరుక్కుంటున్నదంటే రంధ్రం చిన్నదని ఎవరైనా అనుకుంటారు. నిజానికి రంధ్రం పెద్దదైనా వ్రేలు ఇరుక్కుంటుంది. వదులైన రంధ్రంలో బంతి జారిపోతుందని చేయి తనకు తెలియకుండానే బొటనవ్రేలి కణుపును వంచి లోపలి గోడకు అదుముతుంది. వంగిన కణుపు మేకులా బిగుసుకుంటుంది. కూజాలో చేయి పెట్టి గింజలు పట్టుకున్న కోతి కథ అందరికీ తెలిసినదే. పిడికిలి విప్పితేనే చేయి బయటికి వస్తుంది. కాబట్టి సరిచేసే పని మొదట రంధ్రంలో జరగవలెను, తరువాతనే చేతిలో. రంధ్రం వ్రేలికి అంటీ అంటనట్లు ఉండవలెను: వ్రేలిని నిటారుగా ఉంచి లోపల తిప్పితే చర్మం గోడను తాకవలెను, బిగుసుకోరాదు. ఆడుతున్న కొద్దీ రక్తప్రసారం పెరిగి వ్రేలు కొంచెం ఉబ్బుతుంది, చలిలో సన్నబడుతుంది. అందువల్ల అనుభవజ్ఞులు రంధ్రంలో పలుచని టేపు ముక్కలు అంటించి, అవసరాన్నిబట్టి ఒకటి తీయటమో చేర్చటమో చేస్తారు. రంధ్రపు అంచును ఉలిలా ఉంచక గుండ్రంగా అరగదీయిస్తారు. బొటనవ్రేలి రంధ్రానికీ మిగిలిన రెండిటికీ మధ్య దూరం చేతికి మించి ఉంటే వ్రేలు సాగి అడ్డంగా నిలుస్తుంది. రంధ్రం అరచేతి వైపుకు వాలి ఉంటే బంతి చేతిలో ఎక్కువసేపు నిలుస్తుంది, అవతలికి వాలి ఉంటే త్వరగా వదులుతుంది. వినోదశాలలో అద్దె బంతి తీసుకునేవారికి ఈ మార్పులు చేయించే వీలు లేదు. వారు బరువు చూచి కాక, రంధ్రం చూచి బంతి ఎన్నుకోవలెను.

ఇందులో ఆటకన్న పెద్ద విషయం ఒకటున్నది. బొటనవ్రేలికి చూపుడువ్రేలి వైపున చర్మం క్రిందనే ఒక స్పర్శనాడి పోతుంది. రంధ్రపు అంచు దానిని మాటిమాటికీ నొక్కితే నాడి చుట్టూ కణజాలం దళసరి అయి చిన్న గడ్డలా తగులుతుంది. వ్రేలు జివ్వుమంటుంది, తిమ్మిరెక్కుతుంది. వైద్యులు దీనికి బౌలరు బొటనవ్రేలు అని పేరు పెట్టారు. తిమ్మిరి కనిపించగానే ఆట ఆపి రంధ్రాన్ని సరిచేయించినవారికి చాలామందిలో అంతటితో తగ్గిపోతుంది. లెక్కచేయక ఆడేవారికి స్పర్శ మందగించి, శస్త్రచికిత్స దాకా పోవచ్చు.

బౌలింగు బాట లేని ఊరిలో కూడా ఉపాధ్యాయులు ఈ విషయాన్ని పరీక్షించి చూపవచ్చు. వడిసెలలో రాయికి బదులు గుడ్డపీలికలు చుట్టిన మెత్తని ఉండను పెట్టి, ఖాళీ మైదానంలో, మిగిలిన పిల్లలందరినీ దూరంగా వెనుకకు నిలిపి, ఒక విద్యార్థిచేత ఇరవైసార్లు విసిరించవలెను: పదిసార్లు కొసను పిడికిట బిగించి, పదిసార్లు వ్రేళ్ల కొసలతో తేలికగా పట్టి. ఉండ పడిన చోటులను నేలపై గుర్తించి, లక్ష్యరేఖకు ప్రక్కకు ఎంత దూరంలో పడినవో కొలిచి, రెండు పట్టికలు వ్రాయించవలెను. సెకనుకు 240 చిత్రాలు తీసే ఫోను దొరికితే చిత్రానికీ చిత్రానికీ మధ్య వ్యవధి నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. కొస వ్రేలిని విడిచిన చిత్రాన్ని గుర్తించి, అప్పుడు త్రాడు ఏ కోణంలో ఉన్నదో కోణమానినితో కొలిస్తే, ఏ ఉండ ఎన్ని మిల్లీసెకన్ల ఆలస్యంతో దారి తప్పినదో తరగతిగదిలోనే లెక్కకట్టవచ్చు.