చెంబు నీళ్లకూ లెక్క ఉంది!
రోగి ఇంటికొచ్చాక ఇల్లాలే నర్సు

కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా, కడప రిమ్స్‌లోనైనా కడుపు, కాలేయం, మూత్రపిండాల జబ్బులతో చేరిన రోగికి నర్సు ఒక కాగితం రాస్తుంది. ఎన్ని నీళ్లు లోపలికి పోయాయి, ఎన్ని బయటికి వచ్చాయి అన్నదే ఆ లెక్క. రోగి ఊరికి చేరాక ఆ లెక్క చూడాల్సింది ఇంట్లోవాళ్లే. చిక్కేమిటంటే అందరికీ ఒకటే లెక్క కాదు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్నవాడికి నీళ్లిస్తే ఇంకా పోతాయని చాలా ఇళ్లలో నోరు కట్టేస్తారు. ప్రాణం తీసేది ఆ కట్టడే. 2021 ఏప్రిల్‌లో ఆదోనిలోనూ, పాణ్యం మండలం గోరుకల్లులోనూ అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అంతకు 50 ఏళ్ల ముందు, 1971లో, బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లను రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు నాలుగుకు లోపే దిగాయి. అదే నేటి ఓఆర్‌ఎస్ పొట్లం. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో పొట్లమంతా ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా మళ్లీ పట్టాలి. గంజి, ఉప్పు వేసిన మజ్జిగ మానకూడదు. పిల్లకు చనుబాలు అసలే ఆపకూడదు.

బేతంచెర్ల నాపరాయి గనుల్లో ఎండకు మాడే కూలీలకు మూత్రంలో రాళ్లు వచ్చాయంటే వింత లేదు. ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది. రాయి ఒకసారి వచ్చినవాళ్లు రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటంత నీళ్లు తాగాలి.

డయాలిసిస్ రోగికి ఇదంతా తలకిందులు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యాన పేదవాడికీ యంత్రం అందింది. కానీ ఆ యంత్రం మీద ఉండేది వారానికి రెండు మూడు సార్లు, సారికి నాలుగు గంటలు. మిగతా 150 గంటల పైచిలుకు ఇంట్లోనే. ముందురోజు వచ్చిన మూత్రానికి అర లీటరు కలిపితే ఎంతో, ఆ రోజుకు అన్ని నీళ్లని సాధారణంగా చెబుతారు. ఖాయం చేయాల్సింది డాక్టరే. పొద్దున్నే ఆ కొలతకు సీసా నింపి పెట్టాలి. కాఫీ, మజ్జిగ, చారు ఏది తాగినా అంత నీళ్లు సీసాలోంచి తీసేయాలి. నలభై డిగ్రీల ఎండలో ఇది చిన్న శిక్ష కాదు. ఊరగాయ, ఊరిబిండి మానితే దాహం సగం తగ్గుతుంది. నోరు పుక్కిలించినా, చిన్న ఐసుముక్క చప్పరించినా కొంత ఊరట.

చూడవచ్చే బంధువులతోనే అసలు భయం. కొబ్బరిబోండాలు, పులివెందుల చీనీకాయలు, అరటిపండ్లు ప్రేమగా తెస్తారు. వాటిలోని పొటాషియం మూత్రపిండాలు చెడినవాడి గుండెను ఆపేయగలదు. కూరగాయలు కూడా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చి వండాలి. సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసిన చేత్తో బరువులెత్తరాదు, ఆ చేతికి బీపీ చూడనివ్వరాదు. అక్కడ వేలు పెడితే తెలిసే అదురు రోజూ చూసుకోవాలి. అది ఆగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా తన వంతు రోజు కోసం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

కాలేయం చెడి పొట్టలో నీరు చేరినవాడికి ఉప్పు తగ్గించాలి, రోజూ బరువు చూడాలి. పప్పు, గుడ్డు మాత్రం డాక్టరు చెప్పకుండా మాన్పించకూడదు. మలబద్ధకం రానివ్వకూడదు. పగలు నిద్రపోయి రాత్రి మేలుకొని పొంతన లేని మాటలాడితే గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి పరుగెత్తుతారు. ఆ విషం కాలేయానిది. రక్తం కక్కినా, విరేచనం తారులా నల్లగా పడినా అంతే, వెంటనే 108కి ఫోన్ చేయాలి.