బ్రౌన్ ఏల్‌లో చేదు ఎవరి వంతు?

హ్యూస్టన్ చుట్టుపక్కల ఇంట్లో బీరు కాచుకునే తెలుగువాళ్లం కొద్దిమందిమి ఉన్నాం. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఫోన్ చేస్తే తొలి ప్రశ్న దాదాపు ఒకటే: "అన్నా, హాప్స్ ఎన్ని గ్రాములు వేయాలి?" గ్రాముల సంగతి తర్వాత చూద్దాం, ముందు గ్లాసులో ఏ రుచి కావాలో చెప్పు తమ్ముడూ, అంటాను. ఏ రెసిపీ అయినా గ్లాసు దగ్గర మొదలుపెట్టి వెనక్కి రాసుకుంటూ రావాలని నా నమ్మకం. హాప్స్ దట్టించిన బ్రౌన్ ఏల్ విషయంలో ఇది మరీ ముఖ్యం. అందులో చేదు రెండు వైపుల నుంచి వస్తుంది. ఏ చేదు ఎంత ఉండాలో కుండ పొయ్యిమీద పెట్టకముందే తేల్చుకోవాలి. కాచేశాక చేదు కలపగలం గానీ తీసేయలేం.

బీరు సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలక పైకి తన్నకముందే ఆరబెడితే అది మాల్ట్. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చగలవు. మాల్ట్‌ని మరపట్టి వేడినీళ్లలో గంటసేపు నానబెడితే ఆ పని జరిగి తియ్యటి రసం దిగుతుంది. దీన్నే వోర్ట్ అంటారు. దాన్ని హాప్స్‌తో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేసి పులియబెడతాం. హాప్స్ ఒక తీగకు కాసే ఆకుపచ్చని పూమొగ్గలు. వాటి రేకుల మొదట్లో పసుప్పచ్చటి బంకపొడి ఉంటుంది. చేదంతా, వాసనంతా ఆ పొడిలోనే. గది చల్లదనంలో పులిసే ఈస్ట్‌తో చేస్తే ఏల్, ఇంకా చల్లగా, నెమ్మదిగా పులియబెడితే లాగర్. మన ఊళ్లలో దొరికే సీసా బీర్లు చాలావరకు లాగర్లే.

బ్రౌన్ ఏల్ ఇంగ్లండుది. అందరికీ తెలిసిన న్యూకాజిల్ బ్రౌన్ ఏల్ 1927లో వచ్చింది. మెత్తని తీపి, కాల్చిన గింజల కమ్మదనం, పేరుకి మాత్రం చేదు. అదే బీరుని 1980ల మొదట్లో టెక్సస్‌లో ఇళ్లలో కాచేవాళ్లు చేతిలోకి తీసుకుని, అమెరికన్ హాప్స్ బాగా వేసి మరో దారి పట్టించారు. ఇంగ్లిష్ బ్రౌన్ ఏల్ కొలతలకు అది ఇమడలేదు. కొన్నాళ్లు పోటీల్లో 'టెక్సస్ బ్రౌన్ ఏల్' అన్న పేరే నడిచింది. 1986లో కాలిఫోర్నియాలో పీట్ స్లాస్‌బర్గ్ మొదలుపెట్టిన 'పీట్స్ వికెడ్ ఏల్' ఆ రుచిని దుకాణాల దాకా తెచ్చింది. బీరు జడ్జీల సంఘం బీజేసీపీ 2015లో తన మార్గదర్శకాలను తిరగరాసినప్పుడు హాప్స్ ఎక్కువున్న వాటిని అమెరికన్ బ్రౌన్ ఏల్ నుంచి విడదీసి 'బ్రౌన్ ఐపీఏ' (ఐపీఏ అంటే హాప్స్ చేదు ముందుండే ఏల్) అని వేరే గూట్లో పెట్టింది. కొలతలు విడిగా ఉండటం జడ్జీలకు సౌకర్యమే. నాకు మాత్రం ఇది టెక్సస్‌లో ఇళ్ల వెనక పుట్టిన బ్రౌన్ ఏలే.

దీనికంతటికీ చట్టం అడ్డు తొలగింది 1978లో. ఇంట్లో కాచుకునే బీరుకి ఫెడరల్ పన్ను మినహాయించే బిల్లుపై జిమ్మీ కార్టర్ ఆ అక్టోబరులో సంతకం చేశారు. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200 గాలన్లు కాచుకోవచ్చు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా బీరు కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. అందుకే ఇక్కడికి వచ్చాకే నేను ఈ పనిలోకి దిగాను. ఈ వ్యాసం చదివి అక్కడ కుండ పెట్టవద్దని మనవి.

ఇక గ్లాసు. నాకు కావలసిన బ్రౌన్ ఏల్ ఇలా ఉండాలి: వెలుతురుకి ఎత్తిపట్టుకుంటే అంచున ఎర్రజీర కనిపించే ముదురు గోధుమరంగు. ముక్కు దగ్గర పెట్టుకోగానే నారింజ తొక్క, పైన్ చెట్టు బంక వాసన, వాటి వెనక నుంచి కోకో. గుటక వేశాక నాలుకమీద నిలబడే చేదు హాప్స్‌దే కావాలి. మాడు చేదు, వగరు ఉండకూడదు. ఈ చివరి మాటలోనే రెసిపీ మొత్తం ఉంది.

బ్రౌన్ ఏల్‌కి రంగిచ్చేది చాక్లెట్ మాల్ట్. పేరే గానీ అందులో చాక్లెట్ లేదు, ముదురుగా వేయించిన మాల్ట్ మాత్రమే. గింజ మాడిపోకుండా అంత నలుపుగా వేయించే తిరుగుడు డ్రమ్ముకి 1817లో ఇంగ్లండులో డేనియల్ వీలర్ పేటెంట్ తీసుకున్నాడు. నల్లబీర్ల రూపు మారింది అప్పటి నుంచే. వేయించిన గింజకు తనదైన చేదు ఉంటుంది, పొట్టు నుంచి కొంత వగరూ దిగుతుంది. స్టౌట్ అనే నల్లబీరులో అది అందమే, అక్కడ హాప్స్ పక్కకి తప్పుకుని దారిస్తాయి. హాప్స్ ముందుండే బీరులో మాత్రం రెండు చేదులూ ఒకదానిపై ఒకటి పేరుకుని గొంతులో గరగరలాడతాయి. అందుకే నా లెక్కలో చాక్లెట్ మాల్ట్ పని వాసన, రంగు. చేదు పని దానిది కాదు. మొత్తం గింజలో నూటికి నాలుగు పాళ్లు దాటనివ్వను.

19 లీటర్లకు, అంటే ఇక్కడివాళ్ల 5 గాలన్లకు, నేను వేసే గింజ ఇది: మామూలు టూ-రో పేల్ మాల్ట్ నాలుగున్నర కిలోలు, మ్యూనిక్ మాల్ట్ అరకిలో, క్రిస్టల్-60 మాల్ట్ 350 గ్రాములు, చాక్లెట్ మాల్ట్ 200 గ్రాములు. మ్యూనిక్ వేసేది కాల్చిన రొట్టె కమ్మదనం కోసం. అది లేకపోతే పేల్ మాల్ట్‌కీ చాక్లెట్‌కీ మధ్య ఖాళీ తెలుస్తుంది. క్రిస్టల్ మాల్ట్‌ని తడిగా ఉండగానే వేడిచేస్తారు. గింజ లోపలే చక్కెర తయారై పాకమవుతుంది, అందులో కొంత ఈస్ట్‌కి లొంగదు, బీరులో మిగిలిపోతుంది. కాకరకాయ పులుసులో బెల్లం చేసే పనే ఇది. చేదు చేదుగానే ఉంటుంది, నోటికి మాత్రం ఆమోదమవుతుంది. 350 గ్రాములు దాటించానంటే ఎండుద్రాక్ష తీపి పైకొచ్చి హాప్స్ వాసనను నొక్కేస్తుంది.

ఈ గింజంతా 67 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు నానుతుంది. కాస్త తక్కువ వేడిలో చురుగ్గా ఉండే ఎంజైము ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువ చేస్తుంది, కాస్త ఎక్కువ వేడిలో పనిచేసేది తినలేనివి మిగులుస్తుంది. 67 ఆ రెంటికీ నడిమి దారి. నా పరికరాల్లో గింజలోని సారంలో నూటికి 70 పాళ్లు దిగుతుంది కాబట్టి వోర్ట్ సాంద్రత 1.060 దగ్గర తేలుతుంది. పులియడం పూర్తయ్యేసరికి 1.014కి దిగితే ఆల్కహాలు సుమారు 6 శాతం.

ఇప్పుడు హాప్స్. ఇక్కడ తొందరపడకూడదు. హాప్స్‌లో చేదునిచ్చేవి ఆల్ఫా ఆమ్లాలు. వేయగానే అవి నీళ్లలో కరగవు. మరిగే కొద్దీ వాటి అణువుల అమరిక మారి, అప్పుడు కరిగి చేదవుతాయి. వాసననిచ్చే నూనెలకు ఇది సరిగ్గా ఎదురు, మరిగిస్తే ఆవిరై పోతాయి. అంటే ఒకే హాప్స్‌ని ముందు వేస్తే చేదు, చివర వేస్తే వాసన. గ్లెన్ టిన్‌సెత్ అనే హోమ్‌బ్రూయర్ కట్టిన సూత్రంతో లెక్కవేస్తే, నా 1.060 వోర్ట్‌లో గంటసేపు మరిగిన హాప్స్ నుంచి ఆల్ఫా ఆమ్లాల్లో అయిదో వంతు చేదుగా దక్కుతుంది. పది నిమిషాలే మరిగితే నూటికి ఎనిమిది పాళ్లకు లోపే. చేదుని ఐబీయూల్లో కొలుస్తారు. లీటరులో ఒక మిల్లీగ్రాము చేదు పదార్థం ఉంటే స్థూలంగా ఒక ఐబీయూ.

అమెరికన్ బ్రౌన్ ఏల్‌కి బీజేసీపీ చెప్పేది 20 నుంచి 30 ఐబీయూలు, బ్రౌన్ ఐపీఏకి 40 నుంచి 70. నేను 40 దగ్గర ఆగుతాను. చాక్లెట్ మాల్ట్ తెచ్చే చేదు ఐబీయూ లెక్కకి అందదు, నాలుకకి అందుతుంది. కాగితం మీద 40 అంటే నోట్లో ఇంకాస్త ఎక్కువే. లేత రంగు పేల్ ఏల్ రెసిపీ తీసుకుని దానికి నల్లమాల్ట్ కలిపేస్తే సరిపోతుందని అనుకునేవాళ్లు ఈ తేడాను మరిచిపోతారు.

గంట మరిగేందుకు 12 శాతం ఆల్ఫా ఆమ్లాలున్న మాగ్నమ్ హాప్స్ 20 గ్రాములు. ఇది జర్మన్ రకం, దాని చేదు నున్నగా, వేరే రుచి అంటకుండా ఉంటుంది. ఇక్కడి నుంచి 27 ఐబీయూలు. ఆఖరి పది నిమిషాల్లో సెంటెనియల్ 30 గ్రాములు, దాంతో మరో 12. పొయ్యి ఆర్పాక కాస్కేడ్ 30 గ్రాములు వేసి ఇరవై నిమిషాలు మూత పెట్టి వదిలేస్తాను. ఇక్కడా రెండు మూడు ఐబీయూలు కలుస్తాయి గానీ నాకు కావలసింది వాసనే.

రకాల ఎంపికలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. కాస్కేడ్ 1972లో ఆరెగాన్ నుంచి విడుదలైన రకం, అమెరికన్ క్రాఫ్ట్ బీరుకి ముక్కుపుటాల గుర్తు. ఒక్క కాస్కేడే వేస్తే పంపరపనస తొక్క వాసన కోకోతో పేచీ పెట్టుకుంటుంది. సెంటెనియల్‌లో పూల వాసన, నారింజ ఎక్కువ. నారింజకీ కోకోకీ బాగా కుదురుతుంది. పైన్ బంక వాసన కోసం పులియడం అయ్యాక సిమ్‌కో 30 గ్రాములు, దానికి తోడు మరో 30 గ్రాముల సెంటెనియల్, పొడిగానే పీపాలో వేసి మూడు రోజులు ఉంచుతాను. అంతకుమించి ఉంచితే పచ్చిగడ్డి రుచి దిగవచ్చు. మామిడి, అనాస వాసనలిచ్చే కొత్త రకాలు ఎంత మోజుగా ఉన్నా ఈ బీరులో వేయను. వేయించిన గింజ పక్కన అవి పరాయిగా ఉంటాయి.

ఈ దారిలో నాకు మేలు చేసిన రెసిపీ ఒకటి ఉంది. కాలిఫోర్నియాలో ఇంట్లో బీరు కాచి పేరుపొందిన మైక్ మెక్‌డోల్ తన భార్య పేరిట చేసిన 'జానెట్స్ బ్రౌన్ ఏల్'. 2007లో జమీల్ జైనషెఫ్, జాన్ పామర్ రాసిన 'బ్రూయింగ్ క్లాసిక్ స్టైల్స్' పుస్తకంలో అచ్చయింది. నార్తర్న్ బ్రూయర్, కాస్కేడ్, సెంటెనియల్ అందులోని హాప్స్. నార్తర్న్ బ్రూయర్‌లోని పుదీనా, చెక్క వాసన కోకోని ఎలా ఎత్తిచూపుతుందో ఆ బీరు కాచాకే నాకు తెలిసింది. నేను సిమ్‌కో వైపు వెళ్లినా, చేదుతో బాటు బీరు ఒంటికి కాస్త బలమూ ఉండాలన్న ఆలోచన ఆయన దగ్గరిదే.

నీళ్ల గురించి చాలామంది ఆలోచించరు. ఒకసారి రుచి తేడా తెలిశాక ఇక మానరు. మా కాలనీ నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, పేల్ ఏల్‌కి అది ఇబ్బంది. ముదురు మాల్ట్‌కి కాస్త ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి బ్రౌన్ ఏల్‌లో ఆ రెండూ ఒకదానికొకటి విరుగుడవుతాయి, మ్యాష్ (నీళ్లలో నానే గింజ) పీహెచ్ 5.4 దగ్గర కుదురుతుంది. మొత్తం 28 లీటర్ల నీళ్లకు జిప్సం 4 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ 3 గ్రాములు కలుపుతాను. జిప్సంలోని సల్ఫేటు హాప్స్ చేదుకి పదును పెడుతుంది, క్లోరైడు మాల్ట్‌ని గుండ్రంగా, నిండుగా ఉంచుతుంది. ఐపీఏలో అయితే సల్ఫేటు ఇంకా పోసేవాణ్ని. ఇక్కడ పదును పెరిగితే చాక్లెట్ మాల్ట్ వగరు కూడా దాంతోపాటే పెరుగుతుంది. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే బీరుకి మందుల వాసన పడుతుంది. సగం క్యాంప్‌డెన్ బిళ్ల వేస్తే ఆ బెడద పోతుంది.

ఈస్ట్ విషయంలో ప్రయోగాలు అక్కర్లేదు. సఫేల్ యూఎస్-05 ఒక ప్యాకెట్ చాలు. తనదైన పళ్ల వాసన పెద్దగా చేర్చకుండా మాల్ట్‌నీ హాప్స్‌నీ మాట్లాడనిస్తుంది. దానికి 18, 19 డిగ్రీలు కావాలి. మా గ్యారేజీలో వేసవి మధ్యాహ్నం 35 దాటుతుంది, పైగా పులిసేటప్పుడు పీపాలోని బీరు తనంతట తనే రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. వేడిలో పులిసిన బీరుకి స్పిరిటు ఘాటు వస్తుంది, ఎంత మంచి రెసిపీ అయినా దాన్ని దాచలేదు. పాత చెస్ట్ ఫ్రీజరుకి థర్మోస్టాట్ తగిలించి అందులో పీపా పెట్టుకోవడం టెక్సస్‌లో విలాసమేమీ కాదు. కొత్తవాళ్లు ఖరీదైన కుండ కొనేముందు ఈ ఏర్పాటు చేసుకోవాలని నేను పట్టుబడతాను.

రెండు వారాలకు సీసాల్లోకి దించేటప్పుడు 115 గ్రాముల డెక్స్‌ట్రోజ్ నీళ్లలో కాచి కలిపితే నురగకు కావలసిన గ్యాసు సీసాలోనే పుడుతుంది. ఒలికించకుండా, చిలక్కుండా గొట్టంతో నెమ్మదిగా దించాలి, ఎందుకంటే గాలి తగిలిన హాప్స్ వాసన ఎక్కువ రోజులు నిలవదు. మరో రెండు వారాలు ఆగి తాగాలి, తాగడం మొదలుపెట్టాక దాచుకోకూడదు. మూడు నెలలు దాటితే నారింజ వెళ్లిపోయి పాకం తీపి ఒక్కటే మిగులుతుంది.

రెసిపీ మార్చాలనిపిస్తే ఒక విడతకి ఒక్కటే మార్చమని ఫోన్ చేసేవాళ్లకి చెబుతుంటాను. రెండు మారిస్తే రుచి దేనివల్ల మారిందో తేలదు. వచ్చే విడతలో నేను చాక్లెట్ మాల్ట్‌ని 150 గ్రాములకు దించి, ఆ 50 గ్రాముల చోట పొట్టు తీసి వేయించిన కారాఫా స్పెషల్ మాల్ట్ వేస్తాను. పొట్టు లేదు కాబట్టి రంగు తగ్గకుండా వగరు ఇంకాస్త తగ్గాలి. తగ్గితే మాగ్నమ్‌ని 20 నుంచి 23 గ్రాములకు పెంచడానికి చోటు దొరుకుతుంది, అది ఆపై విడత పని.