మీకు తెలుసా? రెండు మైకులు, రెండు గడియారాలు

ఒకే కంప్యూటరుకు రెండు యూఎస్‌బీ మైకులు తగిలించి, ఒకే క్షణంలో రికార్డింగు మొదలుపెట్టినా, గంట తిరిగేసరికి రెండు ట్రాకులూ ఒకదానికొకటి పొంతన లేకుండా పోవచ్చు.

• ప్రతి యూఎస్‌బీ మైకులోనూ దాని సొంత గడియారం ఉంటుంది. సెకనుకు సాధారణంగా 48,000 సార్లు శబ్దాన్ని కొలవాలన్నది లెక్క. కానీ ఏ రెండు గడియారాలూ అచ్చం ఒకే వేగంతో నడవవు.

• తేడా పది లక్షల్లో 50 వంతులే అనుకున్నా గంటకు 0.18 సెకను అవుతుంది. ఆ 0.18 సెకనులో శబ్దం గాలిలో దాదాపు 60 మీటర్లు వెళ్లిపోతుంది. తనకల్లు ఊళ్లో చెక్కభజన చేస్తుంటే గురువు దగ్గర ఒకటి, బృందం దగ్గర ఒకటి ఇలాంటి మైకులు పెట్టారనుకోండి. మొదట్లో ఒక్కటిగా పడ్డ చెక్కల దెబ్బ, చివరికొచ్చేసరికి ‘టక్‌ టక్‌’మని రెండుగా వినిపిస్తుంది.

• విరుగుడు: యూఎస్‌బీ కాని మామూలు మైకులన్నిటినీ ఒకే ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కలిపితే అన్నిటికీ గడియారం ఒక్కటే. అది లేకపోతే మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగులో ఆ రెండు గుర్తులూ కలిసేదాకా ఒక ట్రాకును కొద్దిగా సాగదీస్తే సరి.