వార్తల్లో పదం: థర్మోఫిలిక్ ఏరోబిక్ డైజెషన్

మురుగునీటి శుద్ధి కేంద్రాల వార్తల్లో అప్పుడప్పుడు తొంగిచూసే పదమిది. నీటిని శుద్ధి చేశాక అడుగున మిగిలే మడ్డిలోకి (స్లడ్జ్) గాలినో, ఆక్సిజన్‌నో పంపి, అధిక వేడిలో సూక్ష్మజీవుల చేత త్వరగా కుళ్లబెట్టే పద్ధతి.

ఆక్సిజన్ అందితే సూక్ష్మజీవులు మడ్డిలోని సేంద్రియ పదార్థాన్ని కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారుస్తాయి. అప్పుడు వేడి పుడుతుంది. పేడకుప్ప లోపల వెచ్చగా ఉండేది ఇందుకే. మడ్డి చిక్కగా ఉండి, ట్యాంకు నుంచి వేడి బయటికి పోకుండా చూస్తే, ఆ వేడితోనే ఉష్ణోగ్రత 55 డిగ్రీలు దాటుతుంది.

మరి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఎందుకు, గాలి చాలదా? గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. మిగతాది దాదాపు అంతా నైట్రోజన్. అది మడ్డిలోంచి పైకి వస్తూ వేడినీ మోసుకుపోతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో ఆ నష్టం తగ్గుతుంది.

ఇంత వేడి లేని సాధారణ పద్ధతితో పోలిస్తే సమయంలో తేడా ఎంత? అమెరికా పర్యావరణ సంస్థ 1993 నాటి నిబంధనల్లో సాధారణ ఏరోబిక్ పద్ధతికి 20 డిగ్రీల వద్ద 40 రోజులు, 15 డిగ్రీల వద్ద 60 రోజులు పెట్టింది. 55-60 డిగ్రీల వేడి పద్ధతికి 10 రోజులు చాలు. పైగా రోగకారక క్రిములూ నశిస్తాయి.

ఖర్చు మాత్రం ఉంది. ఆక్సిజన్ తయారీకి, మడ్డిని కలియబెట్టడానికి కరెంటు కావాలి. ఆక్సిజన్ లేకుండా కుళ్లబెట్టే పద్ధతిలో వచ్చే బయోగ్యాస్ ఇందులో రాదు.

ఇలా తయారైన మడ్డిని పొలాలకు ఎరువుగా వాడవచ్చు. అయితే సీసం, కాడ్మియం వంటి భార లోహాలు వేడికి పోవు కాబట్టి వాటికి విడిగా పరీక్షలు తప్పవు.