బ్యారెల్ కోస్తే టైమ్ కూడా తెగుతుంది

బీజీఎంఐ ఆడేవాళ్లకి ఎం416 గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మా హాస్టల్‌లో సగం మంది ల్యాండ్ అవగానే ముందు దాన్నే వెతుక్కుంటారు. గేమ్‌లో దాని గురించి మనం మాట్లాడేదంతా డ్యామేజ్ ఎంత, రీకాయిల్ ఎంత అనే. కానీ దానికి మూలమైన అసలు తుపాకీ, జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కోక్ కంపెనీ చేసిన హెచ్‌కే416, ఎందుకు పుట్టిందో చదివితే అది గన్నుల కథలా కంటే టైమింగ్ బగ్ కథలా అనిపించింది. నేను సీఎస్ఈ, మెకానికల్ కాదు. అయినా ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో రేస్ కండిషన్ గురించి విన్న ఎవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది.

ముందు బేసిక్స్. ఆటోమేటిక్ రైఫిల్‌లో ఒక తూటా పేలాక ఖాళీ కేసు బయటికి రావాలి, మ్యాగజైన్‌లోంచి (మీరు చదువుతున్నది కాదు, తూటాలుండే పెట్టె) ఇంకోటి లోపలికి ఎక్కాలి. ఈ పని చేయడానికి బయటినుంచి కరెంటూ లేదు, మోటారూ లేదు. మందు కాలినప్పుడు పుట్టే గ్యాసే తూటాని ముందుకు తోస్తుంది. అందులోంచే కొంచెం దొంగిలించి వెనక్కి పంపిస్తే మెకానిజం కదులుతుంది. అందుకోసం బ్యారెల్ మధ్యలో ఎక్కడో ఒక చిన్న రంధ్రం ఉంటుంది. తూటా ఆ రంధ్రం దాటేదాకా గ్యాస్‌కి అటు దారి లేదు. దాటాక గ్యాస్ రంధ్రంలోకి దూరుతుంది. తూటా బ్యారెల్ మూతి దాటి బయటపడగానే సీసా మూత తీసినట్టు ప్రెషర్ అంతా ముందునుంచి పోతుంది. అంటే రంధ్రం దాటిన క్షణం నుంచి మూతి దాటే క్షణం వరకే ఆ మెకానిజానికి కూలి దొరికేది.

ఆ టైమ్ ఎంతో చూద్దాం. యూజీన్ స్టోనర్ డిజైన్ చేసిన ఎం16 రైఫిల్ బ్యారెల్ పొడవు 20 అంగుళాలు. రంధ్రం సుమారు 13వ అంగుళం దగ్గర ఉంటుంది. మిగిలింది 7 అంగుళాలు. తూటా అక్కడ సెకనుకి దాదాపు 900 మీటర్ల పైనే పోతుంటుంది కాబట్టి ఆ 7 అంగుళాలు దాటడానికి పట్టేది దాదాపు 0.2 మిల్లీసెకన్లు. మనం కన్నార్పే టైమ్‌లో ఇలాంటివి వందల్లో ఇరికించొచ్చు. మొత్తం రైఫిల్ పనిచేయాలా వద్దా అన్నది ఆ 0.2 మిల్లీసెకన్లలో తేలిపోతుంది.

ఇప్పుడు ఎవరో వచ్చి ‘ఇంత పొడవెందుకు, కోసేయండి’ అన్నారనుకోండి. అనడానికి కారణం ఉంది. హెలికాప్టర్‌లో ఎక్కి దిగేవాడికీ, ట్యాంకులో కూర్చునేవాడికీ, ఇంట్లో గదిగదికీ తిరిగేవాడికీ మీటరు పొడవున్న రైఫిల్ నరకం. వియత్నాం యుద్ధంలో అమెరికా స్పెషల్ ఫోర్సెస్ అడిగింది ఇదే. అలా ఎక్స్‌ఎం177 వచ్చింది, బ్యారెల్ 10 అంగుళాలే. 13వ అంగుళం దగ్గరి రంధ్రం ఇప్పుడు గాల్లో ఉంటుంది కదా! అందుకని దాన్ని వెనక్కి, సుమారు 8వ అంగుళం దగ్గరికి జరిపారు. మిగిలింది 2 అంగుళాలు. టైమ్‌లో చెప్పాలంటే 0.06 మిల్లీసెకన్ల చుట్టుపక్కల. బ్యారెల్ సగమైంది కానీ టైమ్ మూడో వంతు కంటే కిందకి పడిపోయింది. ఈ లెక్క దగ్గరే నాకు ఈ టాపిక్ మీద పిచ్చి పట్టింది.

దాంతో కాలీ కాలని మందు బయటికొచ్చి మూతి దగ్గర పెద్ద మంట, చెవులు పగిలే చప్పుడు. వీటిని తగ్గించడానికి మూతికి 4 అంగుళాల పైచిలుకు పొడవున్న ‘మోడరేటర్’ అనే గొట్టం తగిలించారు. అది చప్పుడు తగ్గించడంతో పాటు గ్యాస్‌ని ఒక్క క్షణం నిలబెట్టి, వెనక మెకానిజానికి ఇంకాస్త ప్రెషర్ అందేలా చేసింది. నీళ్ల పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే వెనక ప్రెషర్ పెరుగుతుంది చూడండి, అలా. 1967లో బ్యారెల్‌ని 11.5 అంగుళాలకి పెంచారు. పైకి చిన్న మార్పే, కానీ రంధ్రం తర్వాతి దూరం 2 నుంచి 3.5 అయింది. శాతాల్లో వేసుకుంటే ఎంత పెద్ద మార్పో తెలుస్తుంది.

ఇదేమీ ల్యాబ్ సరదా వ్యవహారం కాదని ఆ కాలం వాళ్లకి బాగా తెలుసు. అదే వియత్నాంలో పూర్తి పొడవున్న ఎం16లే జామ్ అయ్యి సైనికులు చచ్చిపోయారు. డిజైన్ చేసినప్పుడు అనుకున్న మందు ఒకటి, సైన్యం తర్వాత వాడిన మందు ఇంకొకటి. కొత్త మందుతో రంధ్రం దగ్గర ప్రెషర్ పెరిగి, మెకానిజం అనుకున్నదానికంటే వేగంగా కొట్టుకుంది. మసి కూడా ఎక్కువ పట్టింది. పైగా శుభ్రం చేసుకునే కిట్లు చాలామందికి అందలేదు. సైనికుల ఉత్తరాలు ఇళ్లకి చేరి, అక్కడినుంచి చట్టసభకి చేరి, 1967లో ఇకోర్డ్ సబ్‌కమిటీ విచారణ జరిపి సైన్యాన్ని గట్టిగానే తప్పుపట్టింది. బ్యారెల్ ఒక్క అంగుళం కూడా కోయకుండానే, గ్యాస్ లెక్క తప్పితే జరిగింది ఇది.

సోవియట్ వాళ్లు ఇదే సమస్యని ఇంకోలా పట్టుకున్నారు. ఏకే-74 బ్యారెల్ 415 మిల్లీమీటర్లు. దాని పొట్టి తమ్ముడు ఏకేఎస్-74యూ, 1979లో సర్వీసులోకి వచ్చింది, బ్యారెల్ 206.5 మిల్లీమీటర్లే, అంటే సగానికి కూడా కాస్త తక్కువ. దాని మూతి దగ్గర లావుపాటి డబ్బాలాంటిది కనిపిస్తుంది. చాలామంది అది సైలెన్సర్ అనుకుంటారు. అది గ్యాస్ నిలిచే గది. తూటా బ్యారెల్ దాటాక కూడా గ్యాస్ వెంటనే పారిపోకుండా అందులో ఆగుతుంది, ఆ ఆగిన కాసేపూ పిస్టన్‌కి తోపు అందుతుంది. బ్యారెల్ కోసి పోగొట్టుకున్న టైమ్‌ని డబ్బా పెట్టి అప్పు తెచ్చుకున్నారన్నమాట. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే నిజాయితీ ఉన్న డిజైన్ ఇదే. చూడ్డానికి బాగోదు, పని మాత్రం చేస్తుంది. అప్పు తీరనిది ఒకటుంది: తూటా వేగం సెకనుకి 900 మీటర్ల నుంచి 735కి పడిపోయింది. దాన్ని ఏ డబ్బా తిరిగి ఇవ్వలేదు.

1994లో అమెరికా సైన్యం ఎం4 కార్బైన్ తీసుకుంది. బ్యారెల్ 14.5 అంగుళాలు, రంధ్రం ఆ పాత 8వ అంగుళం దగ్గరే. మిగిలిన దూరం 6.5, అంటే దాదాపు ఎం16 అంతే. టైమ్ సరిపోయింది, మరి బగ్ ఎక్కడ?

బగ్ ఇంకో వైపునుంచి వచ్చింది. రంధ్రం ఛాంబర్‌కి దగ్గరైంది కాబట్టి అక్కడ గ్యాస్ ప్రెషర్ చాలా ఎక్కువ, పైగా అది ముందే వచ్చేస్తుంది. మెకానిజం తొందరగా, గట్టిగా వెనక్కి కదులుతుంది. ఆ క్షణానికి ఖాళీ కేసు ఇంకా లోపలి ప్రెషర్‌తో ఉబ్బి ఛాంబర్ గోడల్ని కరుచుకుని ఉంటుంది. కుక్కర్‌లో ఆవిరి దిగకముందే మూత లాగితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఇక్కడ కేసు అంచుని పట్టుకుని లాగే చిన్న కొక్కెం ఉంటుంది, ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. కేసు వదలకపోతే ఆ కొక్కెం జారిపోతుంది, లేదా కేసు అంచే చిరుగుతుంది. కేసు లోపలే ఉండిపోతే తర్వాతి తూటా దాని వీపుకి గుద్దుకుంటుంది. అవతల ఎవరో మన మీద కాలుస్తున్నప్పుడు ఇది జరిగితే రీస్టార్ట్ బటన్ ఉండదు.

అందుకే ఎం4 లోపల ప్యాచ్‌లు చాలానే కనిపిస్తాయి. కొక్కెం వెనక ఇంకా గట్టి స్ప్రింగ్ పెట్టారు. మెకానిజం వేగం తగ్గడానికి వెనక కొట్టుకునే బఫర్ బరువు పెంచారు. తూటా లోపలికి ఎక్కే వాలుని కూడా మార్చారు, ఎందుకంటే వేగం పెరిగితే తూటా తల అడ్డంగా తగిలే ఛాన్స్ పెరుగుతుంది. ప్రతి ప్యాచ్‌కీ ఒక ధర ఉంది. బఫర్ మరీ బరువైతే, చలిలోనో మసి పట్టినప్పుడో మెకానిజం పూర్తిగా వెనక్కి వెళ్లదు. గ్యాస్ ఎక్కువ ఇస్తే మసిలో కూడా పనిచేస్తుంది, కానీ బోల్ట్ త్వరగా అలిసి విరుగుతుంది. ఎటూ పూర్తిగా గెలవలేం. పైన సైలెన్సర్ తగిలిస్తే వెనక ప్రెషర్ మళ్లీ మారి, లెక్కంతా మొదటికొస్తుంది.

హెచ్‌కే416 ఇక్కడే ఎంటరవుతుంది. ఎం16, ఎం4 రెండిట్లోనూ వేడి గ్యాస్ సన్నటి ట్యూబ్‌లోంచి నేరుగా బోల్ట్ క్యారియర్ లోపలికే వెళ్తుంది, మసి కూడా అక్కడికే. 2000 తర్వాతి మొదటి ఏళ్లలో హెక్లర్ అండ్ కోక్ ఆ ట్యూబ్ తీసేసి, ముందువైపే ఒక పొట్టి పిస్టన్ పెట్టింది. గ్యాస్ పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ ఒక కడ్డీని, కడ్డీ బోల్ట్ క్యారియర్‌ని. గ్యాస్ అక్కడే ఆగిపోతుంది. 10.4 అంగుళాల బ్యారెల్‌తో వచ్చిన దాని పొట్టి మోడల్‌కి పేరొచ్చింది ఇందుకే. 2007లో అమెరికా సైన్యం నాలుగు రకాల తుపాకులని, ఒక్కో రకం పదేసి చొప్పున, దుమ్ములో పెట్టి 60,000 తూటాలు కాల్చి చూసింది. ఎం4 882 సార్లు ఆగింది, హెచ్‌కే416 233 సార్లు. నెట్‌లో ఈ అంకెలతో తెగ కొట్టుకుంటారు కానీ ఒక్కటి గమనించాలి: అదే ఏడాది అంతకుముందు జరిగిన పరీక్షలో ఎం4 ఆగింది 307 సార్లే. ఒకే తుపాకీ, రెండు పరీక్షలు, అంత తేడా. బెంచ్‌మార్క్ స్క్రీన్‌షాట్ చూసి ఫోన్ కొనేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

మధ్యలో ఒక మాట. ఇది చదివి ఎవరికీ రంపం ఐడియాలు రాకూడదు. మన దేశంలో లైసెన్స్ ఉన్న తుపాకీ బ్యారెల్‌ని పొట్టి చేయాలన్నా దానికి విడిగా ఇంకో లైసెన్స్ ఉండాలి. 1959 ఆయుధాల చట్టంలో 6వ సెక్షన్ దీనికోసమే ఉంది. రంధ్రం ఎక్కడో, బ్యారెల్ ఎంతో కంపెనీలకే ఏళ్లు పట్టిన లెక్క ఇది.

పిస్టన్‌కి కూడా ధర ఉంది: ముందువైపు బరువు పెరుగుతుంది, కడ్డీ పైనుంచి కొట్టడం వల్ల క్యారియర్ వెనక భాగం కిందికి వంగబోతుంది. అందుకే స్టోనర్ ట్యూబ్‌ని వదలనివాళ్లు ఇంకా సింపుల్‌గా ఆలోచించారు. 14.5 అంగుళాల బ్యారెల్‌కి రంధ్రాన్ని 8 దగ్గరే ఎందుకు ఉంచాలి, దాదాపు 10 దగ్గరికి ముందుకి జరపొచ్చు కదా? దీన్ని మిడ్-లెంగ్త్ అంటారు. ముందు సివిలియన్ మార్కెట్‌లో పాకింది, తర్వాత అమెరికా స్పెషల్ ఫోర్సెస్ కూడా తీసుకున్నాయి. గ్యాస్ కాస్త ఆలస్యంగా, కాస్త మెత్తగా వస్తుంది, కేసుకి ఛాంబర్ గోడ వదిలే టైమ్ దొరుకుతుంది, బోల్ట్ ఎక్కువ కాలం బతుకుతుంది. కొత్త పార్ట్ ఏమీ లేదు, రంధ్రం చోటు మారిందంతే. కానీ ఇదే చిట్కాని 10.3 అంగుళాల బ్యారెల్ మీద వాడలేం. 10.3లోంచి 10 తీసేస్తే మిగిలేది 0.3 అంగుళం. తూటా రంధ్రం దాటడం, మూతి దాటడం దాదాపు ఒకేసారి జరిగిపోతాయి.