గూడ జారిందని లాగవద్దు
సూర్యాపేట: ధాన్యం కొనుగోళ్లు మొదలైతే హమాలీల భుజాలకు విశ్రాంతి ఉండదు. 40 కిలోల బస్తా వీపున వేసుకుని లారీ బల్ల ఎక్కుతుండగా కాలు జారితే, కింద పడకుండా చెయ్యి ఆనించడం సహజం. ఆ ఒక్క క్షణంలోనే గూడ జారుతుంది. తాటిచెట్టు దిగుతూ పట్టు తప్పిన గీత కార్మికుడికీ, ద్విచక్ర వాహనంపై నుంచి పడిన యువకుడికీ ఇదే ముప్పు. ఇలాంటివారు మొదట వెళ్లేది తరచూ ఆసుపత్రికి కాదు, కట్టు కట్టే వ్యక్తి వద్దకు. చంకలో కాలు తన్నిపెట్టి చెయ్యి లాగించుకుని, ఆకు పసరుతో కట్టు వేయించుకుని ఇంటికి చేరతారు. ఖర్చు తక్కువ, దూరం తక్కువ కాబట్టి వారిని తప్పుపట్టలేం. అయితే ఆ తొందరపాటు చెయ్యి శాశ్వతంగా లేవకుండా చేసే ప్రమాదముంది.

శరీరంలో అన్నింటికన్నా ఎక్కువగా తిరిగే కీలు భుజమే. దండచేయి ఎముక పైభాగం బంతిలా ఉంటే, అది ఆనుకునే గుంట లోతులేని పళ్లెంలా ఉంటుంది. చుట్టూ ఉన్న కండరాలు, స్నాయువులే దానిని పట్టి ఉంచుతాయి. అందువల్లనే కీలు తేలికగా తప్పుతుంది. నూటికి 90కి పైగా సందర్భాల్లో ఎముక ముందువైపునకే జారుతుంది. భుజం గుండ్రదనం పోయి పలకగా కనిపిస్తుంది.

ఎక్స్‌రే ఎందుకంటే..

ఎముక జారిందో, విరిగిందో చేత్తో తడిమి తేల్చడం కష్టం. రెండూ ఒకేసారి జరగవచ్చు. విరిగిన ఎముకను బలంగా లాగితే ముక్క పక్కకు జరిగి, చంకలోని నరాలు, రక్తనాళాలు దెబ్బతినవచ్చు. భుజం బయటివైపు చర్మం మొద్దుబారితే నరం నలిగిందని అనుమానించాలి. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, నొప్పి తెలియకుండా మందిచ్చి, నెమ్మదిగా కీలును కూర్చోబెడతారు. గంటలు గడిచేకొద్దీ కండరాలు బిగుసుకుంటాయి కనుక ఆలస్యం కూడా మంచిది కాదు. చేతిని ఉన్నస్థితిలోనే తువ్వాలుతో మెడకు వేలాడదీసి తీసుకెళ్లాలి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి దారిలో ఏమీ తినిపించకూడదు.

రైతులు గమనించాల్సిన విషయం మరొకటుంది. మోటారు స్టార్టరు వద్ద విద్యుదాఘాతానికి గురైనా, మూర్ఛ వచ్చినా గూడ వెనుకకు జారవచ్చు. ఎదురుగా తీసిన ఒక్క ఎక్స్‌రేలో ఇది బయటపడకపోవచ్చు. ‘ఎముక బాగానే ఉంది’ అన్నాక కూడా చెయ్యి బయటివైపునకు తిరగకుంటే, పక్క నుంచి మరో ఎక్స్‌రే తీయమని అడగాలి.

కూర్చోబెట్టిన తర్వాత

ఇరవై ఏళ్ల లోపువారికి గూడ మళ్లీ మళ్లీ జారే అవకాశం ఎక్కువ. అలా జరిగితే చిన్న రంధ్రాల ద్వారా శస్త్రచికిత్స చేసి, చిరిగిన అంచును ఎముకకు బిగిస్తారు. నలభై దాటినవారిలో కండర స్నాయువు తెగడం ఎక్కువ. రెండు మూడు వారాలైనా చెయ్యి పైకి లేవకుంటే స్కానింగ్ చేయించుకోవాలి. నెలలు గడిస్తే ఆ కండరం క్షీణించి, కుట్టినా అతకని స్థితికి చేరుతుంది.

కాలర్ బోన్ విరిగితే మాత్రం ఎక్కువమందికి చేతిని వేలాడదీసే పట్టీయే చాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అతుక్కుంటుంది. చిన్న బుడిపె మిగిలినా భయం లేదు.

నొప్పికి భయపడి నెలల తరబడి చెయ్యి కదపకపోవడం మరో పొరపాటు. కీలు బిగుసుకుపోయి జడ వేసుకోవడానికి, చొక్కా తొడుక్కోవడానికి కూడా కష్టమవుతుంది. మధుమేహ రోగులకు దెబ్బ తగలకున్నా ఇది వస్తుంది, ఒకటి నుంచి మూడేళ్లు వేధిస్తుంది. వ్యాయామమే ప్రధాన చికిత్స. కీలులో స్టెరాయిడ్ ఇంజక్షను ఇస్తే కొద్దిరోజులు చక్కెర పెరుగుతుంది కనుక పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. దెబ్బ తగలకుండా ఎడమ భుజం లాగుతూ, చెమటలు పట్టి, ఛాతీ బరువెక్కితే అది గుండె సంగతి కావచ్చు. తక్షణం 108కి ఫోన్ చేయాలి.

గూడ జారినవారు పట్టీ తీసిన వెంటనే బస్తా ఎత్తకూడదు. బరువు పనికి దాదాపు మూడు నెలలు పడుతుంది. కూలి పోతుందన్న భయంతోనే హమాలీలు ముందే పనిలోకి దిగుతారు. ఆ కొద్దికాలం బస్తాల లెక్క చూసే పని అప్పగించడం మేస్త్రీలకు, మిల్లర్లకు పెద్ద భారమేమీ కాదు.