చదివింది నలుగురితో చెప్పుకోవడం ఎట్లా? మూడు లిపుల ఇళ్లకు ఆన్‌లైన్ పుస్తకాల గ్రూపు

మన లక్సెట్టిపేటలో ఒక మామూలు ముస్లిం ఇల్లు అనుకోండి. దాదీకి ఉర్దూ చదవడం వచ్చు. తెలుగు మాట్లాడుతది గానీ అక్షరాలు రావు. అబ్బా తెలుగు మీడియంలో చదివిండు, రోజూ తెలుగు పేపరు చూస్తడు. ఉర్దూ మాత్రం ఖురాన్ చదివిన అలవాటుతో కూడబలుక్కుంటూ చదువుతడు. ఇంటర్ చదివే బిడ్డకు ఇంగ్లీషే తొందరగా కళ్లకు ఎక్కుతది. ముగ్గురూ మాట్లాడుకునేది ఒకే దక్కనీ ఉర్దూ. కానీ ముగ్గురూ కలిసి చదవడానికి ఒక్క పుస్తకం దొరకదు.

ఆన్‌లైన్ పుస్తకాల గ్రూపుల గురించి చెప్పేముందు ఈ సంగతి చెప్పుకోవాలి. వేరే ఇళ్లల్లో చదవకపోవడానికి టైం లేదనో, ఫోన్ వదలడం లేదనో కారణాలు చెప్తరు. మన ఇళ్లల్లో అవి ఉన్నయి, వాటి మీద లిపి సమస్య కూడా ఉంది. నిజాం కాలంలో ఈ ప్రాంతంలో బడి చదువు ఉర్దూలోనే నడిచింది కాబట్టి అప్పటి హిందూ పెద్దలకూ ఉర్దూ చదవడం వచ్చేది. 1948 తర్వాత తెలుగు మీడియం వచ్చింది, ఆ తర్వాత ఇంగ్లీష్ మీడియం. తరం మారినప్పుడల్లా ఇంట్లో ఉన్న పాత పుస్తకాలు చదివేవాళ్లు తగ్గిపోయిండ్రు.

పుస్తకాల గ్రూపు అంటే పెద్ద విషయమేం కాదు. కొంతమంది కలిసి ఒక పుస్తకం అనుకుంటరు, లేదంటే ఎవరికి నచ్చింది వాళ్లు చదువుతరు. చదివినప్పుడు ఏమనిపించిందో అందరితో పంచుకుంటరు. తెలుగులో ఇది కొత్తగా వచ్చింది కూడా కాదు. పుస్తకం డాట్ నెట్ 2009లో మొదలైంది. పండితులు కాని మామూలు పాఠకులు అక్కడ తాము చదివిన వాటి గురించి రాస్తూ వచ్చిండ్రు. సంవత్సరం చివర్లో ‘ఈ ఏడాది నేను చదివినవి’ అని లెక్క చెప్పుకునే అలవాటు కూడా అక్కడ ఉంది. ఫేస్‌బుక్‌లో కవిసంగమం 2012లో మొదలైంది. దాన్ని మొదలుపెట్టింది ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన కవి యాకూబ్. ఆన్‌లైన్‌లో కలిసిన ఆ కవులు, పాఠకులు హైదరాబాద్ లామకాన్‌లో ఎదురెదురుగా కూర్చొని కవిత్వం వినిపించుకున్నరు. తెలుగు కవిత్వానికి ఇంత పెద్ద ఆన్‌లైన్ బైఠక్ వేసింది ఒక ముస్లిం కవి అన్న సంగతి మన పిల్లలకు తెలియాలి.

ఇలాంటి గ్రూపుల్లో నాకు ఎక్కువ పనికొచ్చినవి ‘అద్భుతంగా ఉంది, తప్పక చదవండి’ అనే పోస్టులు కావు. ‘నలభై పేజీల దగ్గర ఆగిపోయిన, ఎందుకో ముందుకు పోతలేదు’ అని రాసినవాళ్ల పోస్టులే. దాని కింద ఎవరో ఒకరు ‘నాకూ అక్కడే ఆగింది, ఆ చాప్టర్ దాటితే కథ అందుకుంటది’ అంటరు. ఇంకొకరు ‘నేను వదిలేసిన, నష్టమేం లేదు’ అంటరు. రెండూ పనికొచ్చేవే. చదువు మానేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు అర్థం కాకపోవడం తమ లోపమే అనుకుంటరు. ఇంకొకరికీ అర్థం కాలేదని తెలిస్తే ఆ సిగ్గు పోతది.

మన సంగతికే వద్దాం. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ నెల్లూరు జిల్లా మాటలో ఉంటయి. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథల్లో కడప మాట వినిపిస్తది. ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లకు ఈ రెండు యాసలూ మొదట కొంచెం అడ్డం తగులుతయి. ఇళ్లల్లో జరిగే సంగతులు మాత్రం మనవే. స్కైబాబ ‘అధూరే’ కథలు నల్లగొండవైపువి. వాటిలో ఉర్దూ మాటలు చాలా ఉంటయి. అక్కడ ఆగేది ముస్లిమేతర పాఠకులు. దస్తర్‌ఖాన్ అంటే ఏమిటి, ఇద్దత్ ఎన్నాళ్లు అని గ్రూపులో వాళ్లు అడిగితే జవాబు చెప్పగలిగేది మన ఇంటి ఆడపిల్లే. పుస్తకాల దగ్గర మనం ఎప్పుడూ అడిగేవాళ్లమే కానక్కర లేదు.

మూడు లిపుల ఇంటికి మొదటి పుస్తకంగా నేను చెప్పేది ప్రేమ్‌చంద్ ‘ఈద్గాహ్’. నాన్నా అమ్మా లేని హమీద్ అనే పిల్లగాడు, దాదీ అమీనా ఇచ్చిన మూడు పైసలతో ఈద్గాహ్ దగ్గరి మేళాకు పోయి ఏం కొన్నడన్నది కథ. చిన్నది, ఒక్క పూటలో అయిపోతది. ఉర్దూ, హిందీ, ఇంగ్లీష్, తెలుగు అన్నిటిలో దొరుకుతది. ఎవరి లిపిలో వాళ్లు చదివి ఒకే కథ గురించి మాట్లాడొచ్చు. ఉర్దూ పాఠాలకు 2013లో మొదలైన రేఖ్తా వెబ్‌సైట్ ఉంది. అందులో గజళ్లు, నజ్ములు ఉర్దూ లిపిలోనూ, దేవనాగరిలోనూ, రోమన్ అక్షరాల్లోనూ కనిపిస్తయి. తెలుగు లిపి లేదు. ఆ కొరత మన గ్రూపులే తీర్చుకోవాలి. దాదీ చదివి వాయిస్ మెసేజ్ పెడితే మనవరాలు తెలుగులో రాసుకోవచ్చు. చూపు తగ్గిన పెద్దవాళ్లకు, అక్షరాలు రాని అమ్మీలకు కూడా వాయిస్ మెసేజ్ మంచి దారి. తెలుగు పుస్తకాలను చదివి వినిపించే దాసుభాషితం లాంటి యాప్‌లూ ఉన్నయి. విన్నది కూడా చదివిన లెక్కలో వేయాలని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు గ్రూపులో తప్పకుండా ఒకరిద్దరు ఉంటరు.

ఇక రీడింగ్ ఛాలెంజ్‌లు. గుడ్‌రీడ్స్ అనే సైట్‌లో ప్రతి జనవరిలో ‘ఈ ఏడాది ఇన్ని పుస్తకాలు చదువుతా’ అని ఒక అంకె పెట్టుకుంటరు. ఎన్ని అయినయో, ఎంత వెనకబడ్డమో అదే చూపిస్తది. నేను కామర్స్ చదువుకున్నోణ్ని. టార్గెట్ అన్న మాట వింటేనే మార్చి నెల, ఇన్సూరెన్స్ ఏజెంట్ల ముఖాలు గుర్తొస్తయి. అంకె కోసం పరుగెత్తేవాళ్లు సన్న పుస్తకాలు ఏరుకుంటరు, లావు పుస్తకం జోలికి పోరు. ఆరు నెలలు పట్టి ఒక్క మంచి నవల పూర్తి చేసినామె ఆ లెక్కలో ఓడిపోయినట్టు కనిపిస్తది. మన భాషతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇలాంటి సైట్లలో చాలా తెలుగు పుస్తకాలు అసలు కనిపించవు. కనిపించినా పేరు రోమన్ అక్షరాల్లో మూడు రకాలుగా ఉంటది.

మనకు ఇంతకంటే బాగా తెలిసిన పద్ధతి ఒకటి ఉంది. రంజాన్‌లో రోజుకో పారా చొప్పున ముప్ఫై రోజుల్లో ముప్ఫై పారాలు పూర్తి చేయడం ఎన్నో ఇళ్లల్లో అలవాటు. ఖతం పెట్టుకున్నప్పుడు సిపారాలు పంచుకొని తలా ఒకటి చదువుతరు. అది ఇబాదత్, కథల పుస్తకంతో దానికి పోలిక లేదు. నేను చెప్పేది ఏర్పాటు సంగతి మాత్రమే. రోజుకు ఇంత అని పెట్టుకోవడం, భాగాలు పంచుకోవడం మన చేతికి అలవాటైన పనే. మూడు వందల పేజీల నవలను రోజుకు పది పేజీలు చదివితే నెలకు అయిపోతది. లేదంటే పది మంది తలా ఒక చాప్టర్ చదివి, అందులో ఏం జరిగిందో మిగతావాళ్లకు చెప్పొచ్చు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో చేరితే అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ మన నంబరు కనిపిస్తది. ఊరు చిన్నది. నంబరు ఎవరి చేతికి పోతదో అన్న భయంతోనే చాలామంది చేరరు. చేరినా ఒక్క మాట రాయరు. ఇంట్లోవాళ్లు కూడా అక్కడే వద్దంటరు. టెలిగ్రామ్‌లో నంబరు దాచి యూజర్‌నేమ్‌తో ఉండొచ్చు, సెట్టింగ్‌లో మార్చుకోవాలి. ఫేస్‌బుక్ గ్రూపులో అడ్మిన్ అనుమతి పెడితే పేరు లేకుండా పోస్టు చేయొచ్చు. అన్నిటికంటే తేలికైనది, తెలిసిన ఎనిమిది పది మంది ఆపాలు, చెల్లెళ్లు మాత్రమే ఉండే చిన్న గ్రూపు. వందల మంది ఉన్న గ్రూపులో గుడ్‌మార్నింగ్ ఫొటోలు, రాజకీయాలు వచ్చి పుస్తకం కిందికి పోతది. పుస్తకం తప్ప వేరేది పెట్టొద్దని మొదటి రోజే అడ్మిన్ గట్టిగా చెప్పాలి.

ఇంకొకటి పీడీఎఫ్‌లు. గ్రూపు పెట్టిన వారంలోపే ఎవరో ఒకరు ‘ఫలానా పుస్తకం పీడీఎఫ్ ఉందా’ అని అడుగుతరు. మన దేశ కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కులు ఉంటయి. ప్రేమ్‌చంద్ 1936లో, ఇక్బాల్ 1938లో, మంటో 1955లో పోయిండ్రు కాబట్టి వాళ్ల మూల రచనలు ఇప్పుడు అందరివీ. అనువాదానికి మాత్రం అనువాదకుల హక్కు వేరే ఉంటది, అది చూసుకోవాలి. బతికున్న మన రచయితల పుస్తకాలను ఫొటోలు తీసి పంచడం తప్పు. తెలుగులో కథల పుస్తకాన్ని సొంత డబ్బులతో అచ్చు వేసుకునే రచయితలు చాలామంది. అమ్ముడుపోని కాపీలు వాళ్ల ఇంట్లోనే మూలకు పడి ఉంటయి, అచ్చు బిల్లు మాత్రం కట్టాల్సిందే. పైగా స్కాన్ చేసిన పేజీలు ఫోన్‌లో చదవాలంటే ప్రతి లైనుకూ వేలుతో జరుపుకోవాలి, పది పేజీలకే తలనొప్పి వస్తది.

కొనే స్థోమత అందరికీ ఉండదు. నలుగురు కలిసి ఒక కాపీ కొని తిప్పుకోవచ్చు. గ్రంథాలయాన్ని అడగడం మన హక్కు. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్ కింద పోతయి. 1960 నాటి చట్టం ప్రకారం వచ్చే ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరుతది. మంచిర్యాల 2016లో జిల్లా అయ్యింది కాబట్టి ఇప్పుడు ఆదిలాబాద్ దాకా పోయే పని లేదు. ఉర్దూను 2017లో రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేసిండ్రు, కాబట్టి ఉర్దూ పుస్తకాలు కూడా మొహమాటం లేకుండా అడగొచ్చు. దరఖాస్తు తెల్ల కాగితం మీద రాస్తే చాలు. పుస్తకం పేరు, రచయిత, అచ్చువేసినవాళ్ల చిరునామా, ధర స్పష్టంగా ఉండాలి. ఒక్కరి పేరుతో కాకుండా గ్రూపులో అందరి సంతకాలతో ఇస్తే లైబ్రేరియన్‌కు కూడా పైవాళ్లకు పంపడం తేలిక. ఇచ్చినట్టు తేదీతో ఒక కాపీ దగ్గర పెట్టుకోండి.